గాలి చొక్కా

మార్చి 3, సోమవారం

నిన్నటి ప్రసంగం పిడుగులా పడింది. ఇది నా గొప్ప కాదు, ప్రభువు గొప్ప. గొంతు మాత్రం నాదే. జాలరి శిష్యుడు పడవ దిగి నీళ్ళ మీద నడిచిన ఘట్టం ఎత్తుకున్నాను. "విశ్వాసం ఉన్నవాడికి లైఫ్ జాకెట్టెందుకు?" అని బల్ల గుద్దేసరికి మైకు కింద పడి చచ్చిపోయింది. మైకు లేకుండానే చివరి బెంచీ దాకా వినపడిందట. డ్రమ్ము తమ్ముడు చెప్పాడు. వారమంతా పైపులు బిగించుకుని ఆదివారం మా కూడికలో డ్రమ్ములు బాదే మనిషి, పొగడ్తల్లో మహా పిసినారి. అతనే అన్నాడంటే నిజమై ఉండాలి.

ఈ రోజు షాపులో లారీ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, పంక్చరు ఎక్కడుందా అని బుడగ కోసం చూస్తుంటే మా అమ్మాయి వచ్చింది. సరస్సు గట్టున బోట్ల వర్క్‌షాపులో ఇంజన్లు విప్పే పిల్ల. చేతులు నా చేతులకంటే నల్లగా ఉన్నాయి. తండ్రీకూతుళ్ళం ఒకే సబ్బు అరగదీస్తామని వాళ్ళమ్మ గోల.

"నాన్నా, నీకు నీళ్ళంటే భయమా?"

"నాకా? ఎంతమందికి బాప్తిస్మాలిచ్చాను!"

"అయితే నెలాఖరు పోటీలో నా బోటులో రెండో సీటులో కూర్చో."

తన జోడీగా కూర్చునే పిల్ల స్నానాలగదిలో సబ్బు మీద కాలేసి భుజం ఎముక విరగ్గొట్టుకుందట. గంటకు నూరు కిలోమీటర్లతో నీళ్ళ మీద ఎగిరే పిల్లకు బాత్‌రూములోనా ప్రమాదం! బోటులో ఇద్దరుంటేనే పోటీకి రానిస్తారు. రెండోవాడి పని వెనక్కి చూసి, ఏ పక్కనుంచి ఎవరొస్తున్నారో అరవడం.

"ఆ ఇంజను చప్పుడులో మామూలు గొంతు వినపడదు నాన్నా. నీది వినపడుతుంది. నీది పక్కవీధిలో నిద్రపోయేవాళ్ళకు కూడా వినపడుతుంది."

ఇద్దరూ బోటులో ఉండగా చివరి గీత దాటితే చాలట, ఆఖరున వచ్చినా సరే, వచ్చే ఏడంతా క్లబ్బు ఆ బోటును అమ్మాయి చేతికిస్తుంది. దాటకపోతే ఇంకెవరికో ఇస్తుంది. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడకుండా తొట్టిలో నీళ్ళ వైపు చూసింది. చిన్నప్పుడు సైకిలు అడిగినప్పుడూ అంతే.

"సరే" అన్నాను. నోరు నాకంటే ముందు అనేసింది.

నాకు నీళ్ళంటే భయం లేదు. గౌరవం.

మార్చి 4, మంగళవారం

గౌరవమే.

మార్చి 5, బుధవారం

వార్త పాకింది. ఎలా పాకిందో తెలుసు. మా ఆవిడ నిన్న కూరగాయలకు వెళ్ళింది.

డ్రమ్ము తమ్ముడు స్కూటరేసుకుని వచ్చాడు. చక్రాలు రాయిలా ఉన్నాయి, అయినా గాలి పెట్టమన్నాడు.

"అయ్యగారూ, జాకెట్టు లేకుండానే కదా ఎక్కేది? అందరం గట్టున నిలబడతాం. డ్రమ్ములు కూడా తెస్తాను. సాక్ష్యమంటే అదీ!"

"నిబంధనలని కొన్నుంటాయి తమ్ముడూ. జాకెట్టు లేనిదే ఎక్కనివ్వరు. రాజుది రాజుకివ్వమని ఉంది."

"ఇవ్వండి, కాదనను. కొంచెం తక్కువ ఇవ్వండి. ఆ నారింజ రంగు బస్తా మాత్రం తగిలించుకున్నారో, మీ ప్రసంగం నీళ్ళపాలే!"

భోజనాల దగ్గర మా ఆవిడ ఇంకో కొస అందుకుంది. "ఏమండీ, వరండాలో జల్లు కొడితే కాళ్ళు కుర్చీ మీద పెట్టుకునే మనిషి మీరు. బోటెక్కుతారా?"

"అది చలి."

"ఎండాకాలం వానక్కూడానా?"

పెరుగన్నం కలుపుకున్నాను. భార్య మాటకు ఎదురు చెప్పకపోవడం కూడా ఒక తపస్సు.

నేను బాప్తిస్మాలిచ్చేది మోకాలి లోతులోనే అన్న మాట నిజం. మనుషులు కూర్చుంటే మునుగుతారు. లోతు నీటిలో ఉండదు, పశ్చాత్తాపంలో ఉంటుంది.

మార్చి 7, శుక్రవారం

బోటు సామాన్ల షాపుకు వెళ్ళాను. షాపావిడ మెడలో టేపు వేలాడేసుకుని, నేను నోరు తెరిచేలోపే నా ఛాతీ చుట్టేసింది.

"ఊపిరి బిగబట్టకండి సార్. పొట్ట లోపలికి లాక్కుంటే టేపు నమ్ముతుంది, నీళ్ళు నమ్మవు. ఎందుకు మీకు? గాలం వెయ్యడానికా, తెడ్డు పడవకా, స్పీడు బోటుకా?"

"స్పీడు."

పక్కటెముకల దగ్గర మందంగా ఫోము, ముందు నాలుగు బెల్టులు, దూరంనుంచి కళ్ళు పొడిచే నారింజ రంగు. అదే బస్తా. తగిలించి, బెల్టులు ఒక్కొక్కటే బిగించి, భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగింది. జాకెట్టుతోపాటు నేనూ మునివేళ్ళ మీదికి లేచాను.

"చూశారా, గడ్డం దాటి రాలేదు. అదీ సరైన కొలత. వదులుగా ఉంటే మీరు కిందా అది పైనా ఉంటారు. ఆ స్పీడులో పడితే నీళ్ళు నీళ్ళు కావు సార్, సిమెంటు రోడ్డు. ముందు దెబ్బ కాసుకోవాలి, తర్వాత తేలాలి. రెండూ ఇదే చేస్తుంది."

అద్దంలో చూసుకున్నాను. గ్యాసు సిలిండరుకు తల మొలిచినట్టున్నాను.

అప్పుడు కనపడింది ఇంకో రకం జాకెట్టు, మూలన కొక్కానికి, నల్లగా, సన్నగా, మెడలో వేసుకునే కండువాలాగా. కోటు లోపల వేసుకుంటే కన్న తల్లి కూడా పోల్చుకోలేదు.

"అది గాలిది. నీళ్ళు తగిలితే లోపలి బుల్లి సిలిండరు తెరుచుకుని ఉబ్బుతుంది. నెమ్మది పడవలకు. మీకు పనికిరాదు" అందావిడ. "మీరు పడి దెబ్బ తిన్నాక గానీ అది ఉబ్బదు. ఉబ్బాక నీళ్ళు ఈడ్చికొడితే చిరుగుతుంది, లేదా మీ మెడను గుంజుతుంది. ఫోము ముందే ఉంటుంది సార్, గాలి తర్వాత వస్తుంది."

గాలి తర్వాత వస్తుందా! జీవితమంతా గాలి పెట్టి బతికిన మనిషి దగ్గరా ఈ మాట! మట్టిబొమ్మ మనిషైంది దేనివల్ల? ముక్కులో ఊదిన గాలివల్ల!

"ఫోము శరీరమమ్మా, గాలి ఆత్మ!" అని ఉరిమాను. బయట కుక్క మొరిగింది.

"అలాగే సార్. బిల్లు ఎవరి పేరు మీద రాయమంటారు?"

పెద్ద వేగమేమీ ఉండదులే అని ఆవిడతో అన్నాను. అది అబద్ధం కాదు. దేవదూతల వేగంతో పోలిస్తే నూరు కిలోమీటర్లు ఎంత?

మార్చి 8, శనివారం

కొత్త ట్యూబు వస్తే తొట్టిలో ముంచి చూడకుండా నా చేతులు ఊరుకోవు. గాలి చొక్కాను అలవాటుగా ముంచేశాను.

ఢామ్మంది. తొట్టిలో నీళ్ళు సగం నా మీద, సగం సైకిలు పట్టుకు నిలబడ్డ పోస్టుమాన్ మీద. చొక్కా నల్ల తొడుగు విప్పుకుని పసుపుపచ్చగా ఉబ్బి, తొట్టి అంచులు దాటి, బతికున్నదానిలా ఊగింది. పోస్టుమాన్ సైకిలు వదిలేసి గోడకు అతుక్కున్నాడు.

"ఏం జంతువండీ అది?"

"లేచింది! చూశావా, ఎలా లేచిందో!" అన్నాను. ఒక్క బుడగ లేదు. ఎక్కడా లీకు లేదు. నా తీర్పు నెగ్గింది.

మార్చి 10, సోమవారం

చొక్కాకు మళ్ళీ సిలిండరు వేయించాను. "తొట్టిలో ముంచారా? ఇది లారీ ట్యూబా సార్!" అని షాపావిడ చిరాకుపడింది. నేను క్షమించాను.

మార్చి 11, మంగళవారం

"జాకెట్టు తీసుకున్నావా నాన్నా?"

"తీసుకున్నాను."

"ఫోముదేనా? నాలుగు బెల్టులదేనా?"

సరిగ్గా అప్పుడే కంప్రెసరు వెయ్యాల్సొచ్చింది. ఆ చప్పుడులో ఎవరికి ఏం వినపడుతుంది?

మార్చి 16, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సరస్సులో బస్సు కండక్టరుకు బాప్తిస్మం. ఆరడుగుల పైన మనిషి, మోకాలి లోతులో కూర్చోబెడితే సగం బయటే ఉంటాడు. నడుము లోతుకు వెళ్ళక తప్పదు. తెల్లటి నిలువు అంగీ కింద గాలి చొక్కా వేసుకున్నాను. పోటీకి ముందు అలవాటు కావాలని. వేరే కారణం లేదు. చొక్కా ఉండేది ఛాతీ మీద, నీళ్ళుండేది నడుము దగ్గర. లెక్క సరిగ్గా కట్టాను.

కండక్టరు బరువు లెక్క కట్టలేదు.

"నీ పాత మనిషి ఇక్కడ చచ్చిపోవుగాక!" అని ఉరిమి వెనక్కి వాల్చాను. అతని మడమ బురదలో జారింది. బస్సు బ్రేకు వేస్తే కడ్డీ పట్టుకున్నట్టు నా మెడ పట్టుకున్నాడు. ఇద్దరం పడ్డాం.

నీటి కింద ఢామ్మని వినపడింది.

అంగీ గుండీలు తుపాకి గుండ్లలా ఎగిరాయి. ఒకటి డ్రమ్ముకు తగిలి ఠంగుమంది. నా ఛాతీ, మెడ, వీపు గోపురంలా ఉబ్బిపోయి, వెల్లకిలా తిరిగి, కాళ్ళూ చేతులూ గాలిలో ఆడిస్తూ తేలాను. కింద నేల ఉంది, నడుము లోతే, నాకు తెలుసు. అయినా లేవలేను. తిరగేసిన తాబేలు.

తర్వాత డ్రమ్ము తమ్ముడు, "ఆత్మ నింపింది! మన అయ్యగార్ని ఆత్మ నింపి తేల్చింది! స్తోత్రం!" అని అరిచి డ్రమ్ములు అందుకున్నాడు. గట్టంతా చప్పట్లు. ఎవరో ఏడుస్తున్నారు. మా ఆవిడ మాత్రం తలమీద చెయ్యి పెట్టుకుని చతికిలపడింది.

నేను నోరు తెరవలేదు. గాలి గడ్డం దాకా బిగుసుకుంటే ఎలా తెరిచేది?

వర్క్‌షాపునుంచి అమ్మాయి పరిగెత్తుకొచ్చి, పడవల్ని లాక్కునే కొక్కెం కర్రతో నా అంగీ తగిలించి ఒడ్డుకు లాగింది. అంగీ సందులోంచి పసుపు రంగు చూసింది. పైన టార్పాలిన్ కప్పి, నన్ను డ్రమ్ము దొర్లించినట్టు వర్క్‌షాపులోకి నెట్టుకుపోయింది. తలుపేసి, చొక్కాకున్న గొట్టం నొక్కింది. బుస్సుమని గాలి పోవడం మొదలెట్టింది. చాలాసేపు పోయింది.

"నిశ్శబ్దం! అయ్యగారు లోపల ప్రార్థనలో ఉన్నారు" అని బయట డ్రమ్ము తమ్ముడి గొంతు.

గాలంతా పోయాక అమ్మాయి అడిగింది. "ఇది వేసుకునేనా నా పక్కన కూర్చుందామనుకున్నావు?"

"లీకు లేదమ్మా. తొట్టిలో చూశాను."

"నాన్నా, నూరు కిలోమీటర్ల మీద ఇది నీ మెడ విరిచేసేది. ఇది నీ ప్రాణం కోసం కొన్నావా, పరువు కోసం కొన్నావా?"

మూలనున్న ఇంజను వైపు చూశాను. మంచి ఇంజను.

"నేను పోటీనుంచి పేరు తీసేస్తున్నా. బోటు ఈ ఏడు పోతే ఇంకో ఏడు వస్తుంది. నువ్వు రావుగా" అని చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

బయటికొస్తే కండక్టరొక్కడే నిలబడి ఉన్నాడు, కుడి భుజం కారుతూ, ఎడమ భుజం పొడిగా. "అయ్యగారూ, నాది సగమే తడిసింది. టికెట్టు సగం చింపినట్టుంది. ఇది చెల్లుతుందాండీ?"

మార్చి 17, సోమవారం

మాట్లాడకపోవడం అబద్ధం చెప్పడం కాదు.

మార్చి 18, మంగళవారం

అద్భుతాన్ని చూడ్డానికి షాపుకు జనం. ఒకావిడ నా ఛాతీని ముట్టుకోవచ్చా అని అడిగింది. పోస్టుమాన్ వచ్చి, అందరి ముందూ, "ఆ పసుపుపచ్చ జంతువేదండీ, తొట్టిలోది?" అన్నాడు. అతని సైకిలుకు ఊరికే గాలి పెట్టి పంపేశాను.

మార్చి 19, బుధవారం

అబద్ధం చెప్పినట్టేనా?

మార్చి 20, గురువారం

పొద్దున్నే షాపు తెరవకుండా గ్రంథం తెరిచాను. నా పక్షాన ఒక్క మాట దొరక్కపోతుందా అని. ఓడ కట్టిన ముసలాయన దగ్గర తెరుచుకుంది.

ఎన్నిసార్లు బోధించాను దాన్ని! ఈ రోజు చదివాను. ముంచేస్తున్నాను అని చెప్పిన నోటితోనే దేవుడు ఏం చెప్పాడు? ఏ చెక్కో చెప్పాడు. పొడవెంతో, వెడల్పెంతో, ఎత్తెంతో చెప్పాడు. నీళ్ళు చొరకుండా లోపలా బయటా తారులాంటి కీలు పూయమన్నాడు. "విశ్వాసముందిగా, తేలిపో" అనలేదు. ముసలాయన కూడా "ఇది వేసుకుంటే గ్యాసు సిలిండరులా ఉంటాను స్వామీ" అనలేదు.

అది చూసుకుని జాలరి శిష్యుడి దగ్గరికి వచ్చాను. నేను ఎప్పుడూ అతను నడిచిన దగ్గరే ఆపి బల్ల గుద్దుతాను. తర్వాత అతను మునిగాడు. కేక వేశాడు. ప్రభువు చెయ్యి ముందొచ్చింది, చీవాట్లు తర్వాతొచ్చాయి. కొక్కెం కర్ర గుర్తొచ్చింది.

షాపావిడ నన్ను చూడగానే నారింజది తీసి బల్ల మీద పెట్టింది. "శరీరం కావాలా సార్?"

సాయంత్రం వర్క్‌షాపుకు అది వేసుకునే వెళ్ళాను, నడిరోడ్డు మీద, నాలుగు బెల్టులూ బిగించి. ఒక కారు నన్ను చూసి రోడ్డు పనివాళ్ళున్నారనుకుని పక్కకు తిప్పుకుంది. అమ్మాయి నా వెనక్కొచ్చి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగింది. పిల్లి పిల్లను ఎత్తినట్టు లేపింది.

"గడ్డం దాటలేదు" అంది.

"పేరు తీసేశావా?"

"రేపు తీద్దామనుకున్నా." అని బెల్టు ఒకటి ఇంకో వేలెడు బిగించింది.

మార్చి 28, శుక్రవారం

అన్నం సయించలేదు. గౌరవం ఎక్కువైంది.

మార్చి 29, శనివారం

బతికే ఉన్నాను. స్తోత్రం.

గట్టు నిండా మావాళ్ళే. డ్రమ్ము తమ్ముడు నన్ను చూసి కర్రలు దించేశాడు. "ఇదేంటయ్యగారూ! ఆత్మ తేల్చే మనిషికి ఈ బస్తా ఎందుకు?"

"నిబంధన" అని గొణిగాను. గొణగడం నాకు చేతకాదు, అదీ గట్టు దాకా వినపడింది. నిజం మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

ఇక బోటు గురించి ఏం రాయను? అది కదల్లేదు, పేలింది. ఆకాశం ముందుకొచ్చింది, నా చెంపలు వెనక్కి పోయాయి. అల తగిలినప్పుడల్లా సిమెంటే. షాపావిడ చెప్పిన సిమెంటే. పక్కటెముకల మీద ఫోము లేకపోతే ఈ డైరీ మా ఆవిడ ముగించాల్సి వచ్చేది, ఆమె నాకంటే నిజాలు రాస్తుంది.

"నాన్నా, కేకెయ్!"

వెనక్కి చూశాను. ఎర్ర బోటు. "ఎడమ! ఎడమనుంచి వస్తున్నాడు! నీ ఎడమచేతి పక్కన అపవాది సాతాను గర్జిస్తున్నాడు!"

"ఎడమ అంటే చాలు!"

"కుడి! కుడి! పశ్చాత్తాపపడు! కుడి!"

అమ్మాయి నవ్వుతోంది. హెల్మెట్ లోపల పళ్ళు కనపడ్డాయి. నా జన్మలో ఇంత మంచి ప్రసంగం చెయ్యలేదు, ఇంత శ్రద్ధగా విన్న మనిషీ లేదు.

చివరినుంచి రెండోవాళ్ళుగా గీత దాటాం. ఇద్దరం బోటులోనే. జెండా ఊపారు. వేగం తగ్గించింది. నేను ఆనందం పట్టలేక, కృతజ్ఞతగా రెండు చేతులూ ఆకాశానికెత్తి లేచి నిలబడ్డాను.

పడ్డాను.

సరస్సు నట్టనడుమ. కాళ్ళు కిందికి చాపాను. నేల లేదు. ఇంకా చాపాను. లేదు. ఎప్పుడూ లేనంత లేదు. "రక్షించు!" అని అరిచాను. గట్టు మీద పిట్టలు లేచిపోయాయి. అరుస్తుండగానే తెలిసింది, నోరు నీళ్ళ పైనే ఉంది. జాకెట్టు గడ్డం దాటకుండా, రెండు చంకల కింద ఎత్తి పట్టుకుని ఉంది. మునగడం లేదు. ఎటూ పోవడం లేదు.

గట్టు మీద డ్రమ్ము తమ్ముడు డ్రమ్ము మోగించాడు. "తేలారు! మళ్ళీ తేల్చింది!"

అప్పుడు ఇక ఆగలేకపోయాను. నట్టనడి నీళ్ళలోంచి, మైకు లేకుండా ఉరిమాను.

"అద్భుతం కాదు తమ్ముళ్ళారా! ఫోము! ఇది ఫోము! ఆ రోజుది గాలి చొక్కా! అంగీ కింద దాచుకున్నాను! నాకు నీళ్ళంటే చచ్చేంత భయం!"

డ్రమ్ము ఆగింది. మా ఆవిడ గొంతు సన్నగా, స్పష్టంగా వచ్చింది.

"ఈ ముక్క నేను మొదటే చెప్పాను!"

తర్వాత పోస్టుమాన్, "ఆఁ, అదా జంతువు!" అన్నాడు. నవ్వు అక్కణ్ణించి మొదలై గట్టంతా పాకింది. డ్రమ్ము తమ్ముడు నవ్వలేదు. మెల్లగా డ్రమ్ము మొదలెట్టాడు. ఎందుకో తెలియదు. బహుశా కర్రలు చేతిలో ఉన్నాయని.

అమ్మాయి బోటు తిప్పుకొచ్చి చెయ్యి చాపింది. పట్టుకుని పైకి లాగాక చీవాట్లు పెట్టింది. చెయ్యి ముందు, చీవాట్లు తర్వాత.

ఏప్రిల్ 6, ఆదివారం

పోయినసారికంటే జనం ఎక్కువే వచ్చారు. డ్రమ్ము తమ్ముడు నాతో ముభావంగా ఉన్నాడు కానీ కొత్త లైఫ్ జాకెట్టు ఎంత సైజు తీసుకోవాలని అడిగాడు. ఎందుకు తమ్ముడూ అంటే, అమ్మాయిగారి బోటులో ఒక్కసారి ఎక్కాలని ఉందన్నాడు. ఊపిరి బిగబట్టకుండా ఛాతీ కొలిపించుకోమన్నాను.

కండక్టరు ఎడమ భుజం సంగతి వదల్లేదు. "పూర్తి టికెట్టు కావాలండీ."

అంగీ మీద నారింజ జాకెట్టు, అందరికీ కనపడేలా, నాలుగు బెల్టులూ. మోకాలు దాటాను. నడుము దాటాను. ఛాతీ లోతుకు వెళ్ళాను. జాకెట్టు నన్ను నిలవనివ్వడం లేదు, కాళ్ళు నేల విడిచిపోతున్నాయి. కండక్టర్ని ముంచుదామని మీద చెయ్యేసి నొక్కితే నేనే పైకి లేస్తున్నాను. ఇలా రెండుసార్లు. మూడోసారి కండక్టరు నా జాకెట్టు భుజాల దగ్గర గట్టిగా పట్టుకున్నాడు.

"భయపడకండి అయ్యగారూ, పట్టుకున్నాను. ఇప్పుడు ముంచండి."

భయమే. ముంచాను. నిండా మునిగాడు, నన్ను వదలకుండా.